రంగం పరదేశమైన రోజు

ఏప్రిల్ 1 వస్తోందంటే నాకు రంగం గుర్తొస్తుంది. రంగమంటే రంగూన్. 1937లో ఆ రోజునే బర్మాను బ్రిటిష్ ఇండియా నుంచి విడదీశారు. అంతవరకు విశాఖలోనో కాకినాడలోనో స్టీమరెక్కి రంగం పోవడమంటే మద్రాసు పోయినట్టే. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు.

ఆ రాకపోకలు ఎప్పటివో! కోరంగి రేవు ఓడల వల్లే తెలుగువాళ్లకు అక్కడ కోరంగీలన్న పేరు పడిందంటారు. 1852లో దిగువ బర్మా తెల్లవాళ్ల చేతికి చిక్కాక వరి సాగు పెరిగింది, బియ్యం మిల్లులు లేచాయి. ఆ పనులకు కూలీల కోసం మేస్త్రీ మన ఊళ్లకొచ్చి బయానా ఇచ్చి ముఠా కట్టుకుపోయేవాడు. ఆ అప్పు తీరేదాకా కూలివాడు అతని మనిషే. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే.

1930 మే సంగతి మాత్రం చెప్పి తీరాలి. ఓడల్లో సరుకు ఎత్తి దించే తెలుగు కళాసీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంట్రాక్టర్లు బర్మా కూలీలను దింపారు. ఇంతలో రాజీ కుదిరింది. 26వ తేదీ పొద్దున ఎప్పటిలా పనికొచ్చిన బర్మీయులను ఇక మీతో పనిలేదు పొమ్మన్నారు. తలవంచుకు వెళ్తున్నవాళ్లను మనవాళ్లు గేలి చేశారు. అక్కడ రేగిన కొట్లాట రేవు దాటి నగరమంతా పాకింది. వందమందికి పైగా పోయారు, ఎక్కువమంది తెలుగు కూలీలే. ఆ నెత్తురు రెండు జట్లలో ఏ ఒక్కదాని తప్పూ కాదు, ఒకరి ఆకలిని ఇంకొకరి మీదికి ఉసిగొల్పిన పాలనది. 1922 ప్రవాస చట్టం పరదేశాలకు వెళ్లే కూలీల రక్షణకని చేసింది. బర్మా మన దేశంలో భాగమే కాబట్టి రంగం కూలీకి ఆ పాటి అండ కూడా లేకపోయింది.

ఆ తర్వాత అంతా చెల్లాచెదురే. ఇండియా, బర్మాల మధ్య 1941లో కుదిరిన ఒప్పందం పర్మిట్లు, వీసాలు తెచ్చింది. ఆ ఏడాది డిసెంబరులోనే జపాన్ బాంబులు పడ్డాయి, లక్షలమంది మనవాళ్లు ఇండియా వైపు అడవుల వెంట నడిచారు. 1962లో బర్మాలో సైన్యం గద్దెనెక్కింది. 1964 మార్చిలో దుకాణాలు జాతీయమయ్యాయి, మేలో యాభై, వంద చాట్‌ల నోట్లు రద్దయ్యాయి. అక్కడున్న మనవాళ్లు జీవితమంతా కూడబెట్టింది అక్కడే వదిలి ఓడలెక్కారు. అక్కడ కోరంగీలు, ఇక్కడ దిగాక బర్మా కాందిశీకులు.

విశాఖ కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఇప్పటికీ ఉంది. ఆ ఓడల్లో పిల్లలుగా వచ్చినవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లు. మీ ఇంటి ట్రంకుపెట్టెలో రంగం నాటి కాగితం ఒక్కటున్నా పారేయకండి. పెద్దవాళ్లున్నప్పుడే దాని కథ అడిగి రాసిపెట్టుకోండి.