సారా దుకాణం మూసిన తర్వాత

మన పొదుపు సంఘాల చరిత్ర చెప్పేవాళ్లు చాలామంది బ్యాంకు లింకేజీ దగ్గర మొదలుపెడతారు. నెల్లూరు జిల్లా వరకు ఆ కథ మొదలైంది సారా దుకాణం ముందు.

1990ల మొదట్లో అక్షర దీపం కార్యక్రమం కింద ఆ జిల్లా పల్లెల్లో రాత్రి బడులు పెట్టారు. వాచకంలో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం ఉండేది. తాగే మొగుడితో వేగే ఆడమనిషి కథ అది. చదువుకోడానికొచ్చిన ఆడవాళ్లు అక్షరాలకంటే ముందు ఆ కథను పట్టుకున్నారు. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు ఊళ్లోకి సారా రాకుండా అడ్డం నిలబడ్డారు. వాళ్లు చేసిన పని తర్వాతి వాచకంలో పాఠమై మిగతా ఊళ్లకు చేరింది. అప్పటికి ‘వారుణి వాహిని’ పేరుతో సర్కారు సారా ప్యాకెట్లు మంచినీళ్లు సరిగా లేని పల్లెలకు కూడా అందుతున్నాయి. 1992లో ఆడవాళ్లు వేలంపాటలనే అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. సారాకు పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకుందామని ‘పొదుపు లక్ష్మి’ సంఘాలు పుట్టాయి. మన రిజిస్టర్లకు పునాది ఆ రూపాయే.

ఇదంతా మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ ఆ ఉద్యమం దుకాణం సంగతి తేల్చింది గానీ తాగే మనిషి సంగతి తేల్చలేదు. తప్పు ఆడవాళ్లది కాదు. పల్లెలో తాగుడుకు వైద్యం ఉంటుందని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. నెల్లూరు నుంచి రైలెక్కితే మూడు గంటల్లో మద్రాసు. అక్కడ భర్తను తాగుడు వల్లే పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లోనే తాగుడు మాన్పించే ఆసుపత్రి మొదలుపెట్టారు. 1989 నుంచి తంజావూరు వైపు మంజక్కుడి అనే పల్లెలో వైద్య శిబిరాలు కూడా నడిపారు. ఊరివాళ్లు సాయం పట్టేవారు, తాగే మనిషితో పాటు ఇంట్లోవాళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడేవారు. పక్క రాష్ట్రంలోనే ఇది జరుగుతోంటే, మన దగ్గర తాగేవాడికి దొరికింది తిట్లు, దండన, గుళ్లో ఒట్టు.

సరుకు ఆగినంత తేలిగ్గా ఒళ్లు ఊరుకోదు. అది తెలంగాణలో 2015 సెప్టెంబరులో కళ్లారా చూశాం. కల్లులో కలిపే అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ మీద ఎక్సైజ్ వాళ్లు దాడులు చేశారు. ఆ కల్తీ ఆగేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకు జనం వరస కట్టారు. వణుకు, ఫిట్స్, పిచ్చిమాటలు. ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. మళ్లీ 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు మూసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల దగ్గర అదే గుంపు. దెయ్యం పట్టిందని తాయెత్తు కట్టించిన ఇళ్లు ఎన్నో లెక్క తీసినవాళ్లు లేరు.

అందుకే అక్కలారా, ‘రేపట్నుంచి చుక్క ముట్టను’ అని రోజూ తాగే మనిషి ఒట్టు పెట్టుకున్న రోజే మనం కాస్త జాగ్రత్తగా ఉండాలి. ఏళ్ల తరబడి తాగిన ఒంటికి మందు ఒక్కసారిగా ఆగితే కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర రాదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు, మూడో రోజు దాటుతుండగా మనిషిని గుర్తుపట్టకపోవడం, గోడ మీద పురుగులు పాకుతున్నాయనడం, జ్వరం మొదలైతే అది ప్రాణం మీదికొచ్చిన సంగతి. తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. వెనక ఎప్పుడైనా ఫిట్స్ వచ్చిన మనిషి ఇంట్లో మానకూడదు, ఆసుపత్రిలో డాక్టర్ల చూపులోనే మానాలి. రక్తం కక్కుకున్నా, కళ్లు పచ్చబడినా, చచ్చిపోతానని మాటిమాటికీ అంటున్నా అంతే.

అంతదాకా రానివ్వక ముందే వెళ్లదగ్గ సమయం ఒకటుంది. అది మన ఇళ్లలో అందరికీ తెలుసు, పైకి అనుకోం. పొద్దున లేవగానే వణుకు తగ్గడానికి గుక్క పడాల్సి రావడం. నిరుడు సరిపోయింది ఈ ఏడు చాలకపోవడం. రెండు మూడుసార్లు మానేసి మళ్లీ పట్టుకోవడం. కూలికి పోకపోవడం, సంఘం కిస్తీ డబ్బు మాయం కావడం. ఇందులో రెండు కనబడినా చాలు, మండల ఆసుపత్రి డాక్టరు దగ్గరికి తీసుకుపోవచ్చు. రోడ్డు మీద పడిపోయేదాకా ఆగాలనేం లేదు. ‘వాడంతట వాడికి బుద్ధి రావాలి’ అనే మాట నాకెప్పుడూ నచ్చలేదు. బుద్ధి వచ్చేలోపు కాలేయం పోతుంది.

తెలియకుండా కూరలో కలిపి పెట్టే బిళ్లల గురించి సమావేశాల్లో గుసగుసగా అడుగుతారు. డైసల్ఫిరం అనే మందు ఉంది, నిజమే. దాని మీద ఉండి తాగితే గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం. ఆ మనిషికి చెప్పి, అతను ఒప్పుకుని, డాక్టరు రాసిస్తేనే వాడాలి. చాటుగా పెట్టడం విషం పెట్టడంతో సమానం.

కట్టేసి, కొట్టి మాన్పిస్తామనే చోట్లకు అప్పుచేసి పంపొద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద తాగుడు వల్ల వచ్చే జబ్బు కూడా వైద్యం చేయాల్సిన జబ్బే. మనిషిని గొలుసులతో కట్టడం ఆ చట్టం ప్రకారం నిషేధం. ఏ సెంటరైనా సరే ముందు మూడు మాటలు అడగండి: రిజిస్ట్రేషన్ ఉందా, డాక్టరు రోజూ చూస్తాడా, ఇంట్లోవాళ్లు వచ్చి చూడొచ్చా. మూడోదానికి కాదంటే వెనక్కి వచ్చేయండి.

ఒంట్లోంచి మందు దిగడానికి వారం పది రోజులు పడుతుంది. డిశ్చార్జి కాగితం చూసి వైద్యం అయిపోయిందనుకుంటారు, అసలు పని అక్కడే మొదలవుతుంది. మాట్లాడించడం, నెలనెలా చూపించుకోవడం, పాత స్నేహాల దారి మార్చుకోవడం నెలల తరబడి సాగుతాయి. మధ్యలో మళ్లీ తాగితే, షుగర్ మళ్లీ పెరిగిన మనిషిని తీసుకెళ్లినట్టే మళ్లీ తీసుకెళ్లాలి.

కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసి 2019లో వెలువరించిన సర్వేలో, తాగుడుకు బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందిందని తేలింది. ఆసుపత్రిలో చేరినవాళ్లు 180 మందిలో ఒక్కరు. మిగతావాళ్ల ఇళ్లలో మన సంఘ సభ్యులున్నారు. ఇల్లు కట్టడానికి, బర్రెను కొనడానికి అప్పు రాసుకునే మనం, మొగుడి తాగుడు వైద్యానికని పేరు పెట్టి అప్పు అడగడానికి సిగ్గుపడుతున్నాం. ఆ ఖర్చు ‘ఇంటి ఖర్చులు’ కింద దాక్కుంటోంది. వచ్చే ఏడాది సూక్ష్మ రుణ ప్రణాళికలో దానికి విడిగా ఒక గడి పెట్టాలని గ్రామ సమాఖ్యలు తీర్మానం చేయొచ్చు. మత్తు మానే సలహాకు ఉచిత నంబరు 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416. రెండూ మినిట్స్ పుస్తకం అట్ట లోపల రాసుకోండి. ఫోన్ చేసేది భార్య అయినా మాట్లాడతారు.