కొండపెద్దల వయసు, వాళ్ల మాట

మారేడుమిల్లి చుట్టుపక్కల కొండరెడ్ల ఊళ్లలో పుట్టినతేదీ కాగితం లేని పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వయసెంతని అడిగితే 1986 గోదావరి వరద నాటికి పెద్దకొడుకు ఎంతవాడో చెబుతారు. జనగణన సిబ్బంది ఇలాంటి స్థానిక సంఘటనల పట్టికతోనే వయసు అంచనా కడతారు. వార్ధక్యాన్ని కొలిచే శాస్త్రానికీ, దానికి హక్కులు కట్టే చట్టానికీ తొలి చిక్కుముడి ఇక్కడే పడింది.

1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టం వృద్ధ తల్లిదండ్రుల పోషణను సంతానం బాధ్యతగా చేసింది. కానీ కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు అది వర్తించదని రెండో సెక్షనులోనే రాసుకుంది. 2024 దాకా అమల్లో ఉన్న 1973 నాటి నేర విచారణ స్మృతిలో, తల్లిదండ్రుల పోషణకూ వర్తించిన 125వ సెక్షనుకు అలాంటి మినహాయింపు ఉండేది కాదు.

శాస్త్రం వైపు చూస్తే, తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పి.వి. రామమూర్తి, డి. జమున వంటి మనస్తత్వ శాస్త్రజ్ఞులు వృద్ధాప్యంపై ఏళ్లతరబడి పరిశోధించారు. చట్టం వైపు 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. అరవై నిండినవాళ్లు వకీలు లేకుండానే సబ్‌డివిజన్ ట్రిబ్యునల్లో అర్జీ పెట్టుకోవచ్చు. మారేడుమిల్లి వాళ్లకైతే రంపచోడవరం. 2017-18లో వృద్ధాప్యంపై దేశవ్యాప్తంగా జరిగిన లాసీ సర్వే రక్తపోటు, పిడికిలి బలం కొలవడంతో ఆగకుండా ఈ చట్టం గురించి తెలుసా అని కూడా అడిగింది. దేశం మొత్తమ్మీద వృద్ధుల్లో తెలిసినవాళ్లు సుమారు 12 శాతమే. వార్ధక్య శాస్త్రమూ చట్టమూ కలిసి అడిగితేనే బయటపడే సంగతి ఇది.

ఏజెన్సీలో అంతకన్నా లోతైన కలయిక అటవీ హక్కుల చట్టంలో ఉంది. అక్కడ ముసలితనం జాలికి కారణం కాదు, సాక్ష్యానికి బలం. ఆ చట్టం 2008 నిబంధనల్లో 13వది హక్కుదారు కాని పెద్దల వాంగ్మూలాన్ని రాతపూర్వక ఆధారంగా ఒప్పుకుంటుంది. ఫలానా వాలులో పోడు కొట్టింది ఎవరి తాత, చింతచెట్టు నాటింది ఎవరు, ఏ బండ పక్కన ఎవరిని పూడ్చారు, ఇవన్నీ గ్రామసభ ముందు చెప్పదగిన మాటలే. పరిశోధన సంస్థలు నమోదు చేసిన ఆచారాలకూ అందులో చోటుంది. మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫ్ కొండరెడ్ల పోడునూ పల్లెలనూ వివరంగా వర్ణించిన పుస్తకం 1945లోనే వెలువడింది. ఉపగ్రహ చిత్రాలు తోడుండొచ్చు గానీ మిగతా ఆధారాలకు బదులు కాలేవని 2012 సవరణ తేల్చింది.

అయితే ఒక్క వాంగ్మూలం చాలదు, ఒకటికి మించి ఆధారాలు చూడాలి. కాబట్టి జ్ఞాపకశక్తిని అధ్యయనం చేసేవాళ్లూ, సాక్ష్యచట్టం తెలిసినవాళ్లూ కలిసి కొండెక్కి, పెద్దలు చూపిన హద్దులనూ సమాధులనూ వాళ్ల మాటతోపాటే నమోదు చెయ్యాలి. 2005 డిసెంబరు 13 నాటికి భూమి వాళ్ల అనుభవంలో ఉందా అన్నదే గిరిజనుల దరఖాస్తుకు గీటురాయి. ఆ నాటికి నలభై ఏళ్లున్న సాక్షులు ఇప్పుడు అరవైకి చేరారు.