దొరకు దండం పెట్టినోడి మనసుల ఎన్ని మార్కులు?

ఇయ్యాల్టి ఎపిసోడ్‌లో రెండు ముచ్చట్లు కలిపి చెప్తున్నా. ఒకటి టెక్స్ట్ అడ్వెంచర్ గేమ్. రెండోది మన నల్గొండ, పాలమూరు చరిత్ర. ఈ రెండింటికీ ఏం సంబంధం అంటారా? ఒక్క నంబరు.

టెక్స్ట్ అడ్వెంచర్‌లో బొమ్మలుండవు, స్క్రీన్ మీద అక్షరాలే. "నువ్వు గడీ ముందు నిలబడ్డవు. ఏం చేస్తవు?" అని అడుగుతది. మన జవాబును బట్టి కథ నడుస్తది. విల్ క్రౌథర్ మొదలుపెట్టిన 'అడ్వెంచర్' ఆటను డాన్ వుడ్స్ 1977లో పెంచిండు. దాంట్ల మొత్తం స్కోరు 350. గుహలోంచి నిధులు తెస్తే మార్కులు పడతయి. ఎవరితో ఎట్ల మెలిగినవు అనేదానికి లెక్క లేదు.

ఆ లెక్క తర్వాత వచ్చింది. 1985లో వచ్చిన 'అల్టిమా 4'లో కండ్లు కనిపించని ఒక దుకాణదారు ఉంటది. తక్కువ పైసలిచ్చి మోసం చేస్తే అప్పటికప్పుడు ఏమీ కాదు, కానీ లోపల మన నిజాయితీ మార్కులు తగ్గుతయి. 1994లో జపాన్‌లో 'టోకిమెకి మెమోరియల్' వచ్చింది. దాంట్ల ఒక్కో అమ్మాయికి ఒక్కో స్కోరు. ఒకరిని పట్టించుకోకుంటే ఆ అలక బాంబులాగా పేలి, మిగతా అందరి దగ్గర కూడా మన స్కోరు పడిపోతది.

దీని ప్రోగ్రామింగ్ చాలా తేలిక. 'సంబంధం' అని ఒక వేరియబుల్ పెట్టి, 50తో మొదలుపెట్టాలె. సాయం చేస్తే 10 కలుపు, అబద్ధమాడితే 20 తీసెయ్. 70 దాటితే ఆ మనిషి రహస్యం చెప్తడు. 20 కిందికి పోతే తలుపు మూసేస్తడు.

ఇప్పుడు ఇదే లెక్కను 1940ల నాటి నల్గొండ జిల్లా ఊరిలో పెట్టి చూద్దాం. ఆటలో ఒక రైతు ఉన్నడు. దొర ఎదురైతే చెప్పులు చేత పట్టుకొని "నీ బాంచెన్, కాల్మొక్త" అంటడు: 10 మార్కులు. గడీలో వెట్టి చేస్తడు: ఇంకో 10. ఏడాది తిరిగేసరికి స్కోరు 100. అంటే కంప్యూటర్ లెక్కన ఈ రైతుకు దొరంటే ప్రాణం!

మరి చరిత్రలో ఏమైంది? పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ కౌలుకు భూమి తీసుకొని పంట పండించింది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషులు ఆ పంటను ఎత్తుకుపోవడానికి వచ్చిండ్రు. సంఘం కార్యకర్తలు అడ్డం నిలబడి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చిండ్రు. 1946 జూలై 4న కడవెండిలో జనం ఊరేగింపు తీస్తే, దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయిండు. పాలకుర్తి, కడవెండి అప్పుడు నల్గొండ జిల్లాలోనే ఉండేవి, ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్నయి. అక్కడి నుంచి పోరాటం ఊరూరా పాకి 1951 దాకా నడిచింది.

స్కోరు 100 ఉన్నోళ్లు ఎందుకు తిరగబడ్డరు? ఒక్క నంబరు పెట్టిన ప్రోగ్రామ్ దగ్గర జవాబు ఉండదు. "మంచిగున్న జనాన్ని ఎవరో రెచ్చగొట్టిండ్రు" అనే చూపిస్తది. అది దొర చెప్పే కథ! మన తాతముత్తాతల మీద గేమ్ రాసేటప్పుడు, మనకు తెలియకుండానే దొర కథను కోడ్‌లో పెట్టేస్తం. అందుకే ఈ ముచ్చట నాకు ముఖ్యం అనిపించింది.

కాబట్టి కనీసం మూడు వేరియబుల్స్ కావాలె: భయం, నమ్మకం, బాకీ. దండం పెడితే భయం కనిపిస్తది, నమ్మకం పెరగదు. ఆ రైతుకు దొర మీద భయం 90, నమ్మకం 5. సంఘం మీద నమ్మకం వేరే లెక్క. అది 90 దాటిన రోజు స్క్రీన్ మీద కొత్త ఆప్షన్ వస్తది: "పంట ఇయ్యను." భయం అట్లనే ఉంటది, కానీ పక్కన నిలబడేటోళ్లు వచ్చిండ్రు.

బాకీ ఎందుకంటే, పాలమూరు దిక్కు చూడండి. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్స్ తీసుకొని కుటుంబాలకు కుటుంబాలు దూరదేశాలకు డ్యాములు, కాలువల పనికి పోయినయి. ఆ మేస్త్రీ మన ఊరోడే కావొచ్చు, మామా అని పిలిచేటోడే కావొచ్చు. నమ్మకం 60 ఉన్నా, కూలీని కట్టేసేది బాకీ. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చి అట్లాంటి బాకీలు చెల్లవని చెప్పింది. గేమ్‌లో ఆ రోజు ఒక్క లైన్ రాస్తే చాలు, బాకీ సున్నా అయితది. భయానికి మాత్రం ఇంకో లైన్ రాయాలె, అది చట్టంతోని సున్నా కాదు.

ఇంకో మాట. 'దొరలు' అని అందరికీ కలిపి ఒకే స్కోరు పెట్టొద్దు. 1951 ఏప్రిల్ 18న ఇదే జిల్లాలోని పోచంపల్లిలో దళితులు 80 ఎకరాలు అడిగితే, వినోబా భావే ముందు 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డది కూడా ఒక భూస్వామే. పేరు వెదిరె రామచంద్రారెడ్డి. ఒకటే జిల్లా, ఒకటే పేరు, మనుషులు ఇద్దరు. ఒక్కొక్కరికి వేరే ఖాతా తెరవాలె.

ట్వైన్ అనే టూల్ ఫ్రీగా దొరుకుతది. తెలుగు అక్షరాలు కూడా తీసుకుంటది. గేమ్ మొదలుపెట్టే ముందు మీ ఇంట్ల నానమ్మనో తాతనో ఒక్కటి అడగండి: "అప్పట్ల నువ్వు ఎవరికి దండం పెట్టినవు? ఎవరిని నమ్మినవు?" రెండు పేర్లు వేరైతే, మీ మొదటి రెండు వేరియబుల్స్ దొరికినట్టే.