అరకు కాఫీ: ప్యాకెట్ కొనేముందు మనం అడగాల్సింది

మొన్న సంక్రాంతికి విశాఖ వెళ్లినప్పుడు పిల్లల్ని అరకు తీసుకెళ్లాను. దారిలో ఒక గిరిజన రైతు ఇంటి ముందు టార్పాలిన్ మీద కాఫీ గింజలు ఆరబోసి ఉన్నాయి. "మాకు ఎకరమే బాబూ. డబ్బు అవసరమైతే పండ్లుగానే అమ్మేస్తాం" అన్నాడాయన. ఆ మాట దగ్గరే అసలు విషయమంతా ఉందని నాకు తర్వాత అర్థమైంది.

అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో ఒకప్పుడు పోడు వ్యవసాయమే ఆధారం. దానికి ప్రత్యామ్నాయంగా వచ్చింది కాఫీ. అరబికా మొక్కకు నీడ కావాలి కాబట్టి చెట్లు నిలుస్తాయి. నీడకోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగ పాకిస్తే రెండో ఆదాయం. మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇక ధర సంగతి. పండ్లు కోసిన రోజే తొక్క తీయాలి, లేకపోతే పులిసి రుచి చెడుతుంది. తొక్క తీసే యంత్రం, ఆరబెట్టే కళ్లం ఉంటే రైతు గింజలుగా అమ్ముకుంటాడు. అవి లేకపోయినా, ముందే అప్పు తీసుకున్నా దళారి చెప్పిందే ధర. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, రైతుల సహకార సంఘాలు కొనుగోలుకు వస్తే బేరమాడే బలం వస్తుంది.

మనం చేయగలిగినవి:

కాఫీ కొనేటప్పుడు అది ఎవరి దగ్గర కొన్నారో, రైతుకు ఎంత ఇచ్చారో అడగండి.

విరాళమిస్తే ఊరంతా వాడుకునే యంత్రానికో, కళ్లానికో ఇవ్వండి. మీరు విదేశీ పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా అది విదేశీ విరాళమే. పుచ్చుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉందో లేదో చూసుకోండి.

"అక్కడ నాలుగెకరాలు కొందాం" అనే ఆలోచన మాత్రం వద్దు. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకు చెల్లదు. బినామీ పేరుతో కొంటే ఆ రైతు కాళ్ల కింద నేలే పోతుంది.

మావాడు తిరుగు ప్రయాణంలో అడిగాడు: "ఆ తాతకు యంత్రం ఎందుకు లేదు నాన్నా?" ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ రాసిందే.