ఉత్తర ఐర్లండ్ నిరసన గీతాలు

బ్రిటన్‌లోనే ఉండాలన్న ప్రొటెస్టెంట్లకూ, ఐర్లండ్‌లో కలవాలన్న కాథలిక్కులకూ మధ్య 1960ల చివరి నుంచి 1998 దాకా సాగిన ఘర్షణల మీద వచ్చిన పాటలు. పేరుకు మత కలహమే గానీ, పేచీ అంతా అధికారం, ఓటు, ఇళ్లు, ఉద్యోగాల దగ్గరే.

1972 జనవరి 30న డెర్రీలో పౌరహక్కుల ఊరేగింపుపై బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపారు. 13 మంది అక్కడికక్కడే పోయారు. గాయపడిన మరొకరు తర్వాత మరణించారు. నెల తిరక్కుండానే ఐర్లండ్‌ను ఐరిష్ వారికి వదిలేయమంటూ గాయకుడు పాల్ మెకార్ట్నీ పాట విడుదల చేశాడు. బీబీసీ నిషేధించింది. ఐర్లండ్‌లో మాత్రం అది అగ్రస్థానానికి చేరింది.

ఆ కాల్పుల మీదే వచ్చిన యూటూ బృందం 1983 నాటి ‘సండే బ్లడీ సండే’ దారి వేరు. దరువు సైనిక కవాతుది, మాట శాంతిది. ఇది తిరుగుబాటు పాట కాదని బృందం గాయకుడు బోనో వేదిక మీద చెప్పి మరీ పాడేవాడు, చేతిలో తెల్లజెండా.

వీటన్నిటిలో సూటిగా తగిలేది ‘జాంబీ’ (1994). 1993 మార్చిలో ఇంగ్లండ్‌లోని వారింగ్టన్ బజారులో, చెత్తకుండీల్లో ఐర్లండ్‌లో కలవాలంటూ ఆయుధం పట్టిన ఐఆర్ఏ పెట్టిన బాంబులు పేలి ఇద్దరు పిల్లలు బలయ్యారు. ఆ కోపంతో ఐరిష్ గాయని డొలొరెస్ ఓరియార్డన్ రాసిన పాట ఇది. ఐర్లండ్ పేరు చెప్పి చంపేవాళ్లను ఐరిష్ గొంతే నిలదీయడం దీని బలం. 2023 రగ్బీ ప్రపంచ కప్‌లో ఐర్లండ్ అభిమానులు దీన్నే గెలుపు పాటగా ఎత్తుకోవడంతో, అది తగునా అన్న వాదన రేగింది.