అట్టడుగు మహిళలకు అక్షర హక్కు: పాలకుర్తి నేపథ్యంలో వయోజన విద్య

పూర్వపు వరంగల్ జిల్లాకు చెంది, 2016 అక్టోబరు 11 నుంచి జనగామ జిల్లాలో భాగమైన పాలకుర్తి, తెలుగు అక్షరానికి పుట్టినిల్లు వంటి ప్రాంతం. దేశికవితకు బాట వేసిన పాల్కురికి సోమనాథుని పేరు ఈ ఊరితో ముడివడి ఉన్నది. పోతన పేరుతో ప్రసిద్ధి చెందిన బమ్మెర గ్రామం సమీపంలోనే గలదు. అయితే ఇంతటి సాహితీ వారసత్వం గల ప్రాంతంలో సైతం శ్రామిక మహిళలకు చదువు చాలాకాలం అందని ఫలంగానే మిగిలింది.

ఐలమ్మ వారసత్వం

విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి, సాగుచేసిన భూమిని, పండించిన పంటను నిలబెట్టుకున్న చాకలి ఐలమ్మ పాలకుర్తి వాసి. రజక కులానికి చెందిన ఆమెకు ఆంధ్ర మహాసభ కార్యకర్తలు అండగా నిలిచారు. 1985 సెప్టెంబరు 10న ఆమె కన్నుమూశారు. హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెడుతున్నట్లు రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రకటించింది. ఉన్నత విద్యా సంస్థకు ఒక శ్రామిక మహిళ పేరు పెట్టడం గౌరవమే. ఆమె వంటి మహిళలకు ప్రాథమిక అక్షర జ్ఞానం అందించడం ఆ గౌరవానికి సార్థకత చేకూర్చగలదు.

గణాంకాలు చెప్పే వాస్తవం

2011 జనాభా లెక్కల ప్రకారం పూర్వపు వరంగల్ జిల్లాలో అక్షరాస్యత 65.11 శాతం. పురుషులలో ఇది 74.58 శాతం కాగా, మహిళలలో 55.69 శాతం మాత్రమే. అనగా ఇరువురి మధ్య అంతరం దాదాపు 19 శాతం పాయింట్లు. ఏడేళ్లు పైబడిన ప్రతి 100 మంది మహిళలలో సుమారు 44 మందికి చదవడం, రాయడం రాదు. కూలి మస్టరు, పొదుపు సంఘం పుస్తకం, బ్యాంకు ఓచరు, భూమి పత్రం వంటి వాటిపై ఏమి రాసి ఉన్నదో తెలియకుండానే వేలిముద్ర వేయవలసి రావడం వీరి నిత్య సమస్య.

ఉద్యమం నుంచి పథకం వరకు

జాతీయ సాక్షరతా మిషన్ 1988లో ప్రారంభమైంది. దాని స్ఫూర్తితో నెల్లూరు జిల్లాలో సాగిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం దూబగుంట మహిళల సారా వ్యతిరేక పోరాటానికి ఊపిరి పోసింది. ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలులోకి వచ్చింది. చదువు సంతకంతో ఆగదని ఈ ఉదంతం నిరూపించింది.

2009 సెప్టెంబరు 8న ప్రారంభమైన సాక్షర భారత్ పథకం మహిళలకు అగ్రస్థానం కల్పించింది. 7 కోట్ల మంది లక్ష్యంలో 6 కోట్ల మంది మహిళలే. గ్రామ పంచాయతీలలోని వయోజన విద్యా కేంద్రాలను నెలకు రూ.2,000 గౌరవ వేతనంపై ప్రేరక్‌లు నిర్వహించారు. 2018 మార్చి నెలాఖరుతో ఈ పథకం ముగిసింది. 2022లో నవ భారత సాక్షరతా కార్యక్రమం ఆమోదం పొందేవరకు ఏర్పడిన విరామంలో నేర్చిన అక్షరం మరుగున పడే ప్రమాదం ఏర్పడింది. 15 ఏళ్లు పైబడిన వారికి ఉద్దేశించిన ఈ కొత్త కార్యక్రమం స్వచ్ఛంద బోధకులపై ఆధారపడి నడుస్తున్నది. చదవడం, రాయడం, లెక్కలు అనే మూడు అంశాలలో 150 మార్కులకు పరీక్ష నిర్వహిస్తారు.

పై చదువులకు మార్గం

అక్షరాస్యులైన పిదప కూడా మహిళలు చదువు కొనసాగించే వీలున్నది. సార్వత్రిక విద్యాపీఠం ద్వారా బడి మానేసిన వారు పదవ తరగతి, ఇంటర్మీడియట్ పూర్తి చేయవచ్చును. దీనికి గరిష్ఠ వయోపరిమితి లేదు. 1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉన్నత విద్యకు ద్వారాలు తెరిచింది.

చేయవలసినది

నాట్లు, కోతల కాలంలో పగటి తరగతులకు హాజరు ఉండదు. కావున వేళలను పనివారి వీలునుబట్టి నిర్ణయించడం, చిన్నపిల్లల తల్లులకు ఇంటి చెంతనే కేంద్రం నెలకొల్పడం, పొదుపు సంఘాల పుస్తకాలనే పాఠ్యాంశాలుగా వాడడం అవసరం. పథకాల మధ్య విరామం లేకుండా చూడడం అన్నింటికంటే ముఖ్యం. తన పేరిట ఉన్న కాగితాన్ని తానే చదువుకోగలిగిన నాడే మహిళ తన హక్కును తాను కాపాడుకోగలుగుతుంది.