కెమెరా ఎవరిది? మడకశిర మెట్టనేల నుంచి ఒక చరిత్ర ప్రశ్న

దళితులు ఫొటోల్లో ఎప్పటినుంచో ఉన్నారు. కెమెరా వాళ్ళ ఇంట్లోకి వచ్చింది మాత్రం నిన్నగాక మొన్న. ఈ రెండింటి మధ్య నూరేళ్ళకి పైబడిన దూరం ఉంది. భూమి ఎవరిది, బావి ఎవరిది అని అడిగిన మన చరిత్ర రచన, కెమెరా ఎవరిది అని పెద్దగా అడగలేదు. ఐదారు వేల రూపాయల చిన్న డిజిటల్ కెమెరా గురించి చరిత్ర వ్యాసం ఏమిటని కొందరికి వింతగా తోచవచ్చు. కానీ ఆ చవక వస్తువుతో మారిందేమిటో తేల్చకుండా గత పాతికేళ్ళ దళితవాడ చరిత్ర రాయడం కుదరదని మేం అనుకుంటున్నాం.

పేరు లేని బొమ్మలు

1857 తిరుగుబాటు తర్వాత తెల్లదొరలకి ఈ దేశపు జనాన్ని లెక్కగట్టాల్సిన అవసరం పడింది. 1868 నుంచి 1875 వరకు 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో 8 సంపుటాల ఫొటోలు అచ్చేశారు. 1909లో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్స్టన్, కె. రంగాచారి సాయంతో దక్షిణ భారత కులాల మీద 7 సంపుటాలు తెచ్చాడు. థర్స్టన్ ముక్కులూ తలలూ కొలిచే పరికరాలు వెంటబెట్టుకుని తిరిగినవాడు. ఈ తరహా పుస్తకాల్లో బొమ్మ కింద ఉండేది కులం పేరు. ఆ మనిషికి ఒక పేరుందనీ, ఆమె ఫలానావాళ్ళ తల్లి అనీ, ఫలానా ఊరి కూలి అనీ చెప్పే ఆచారం లేదు.

1876–78 ధాత కరువు ఇంకా ఘోరం. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. అది 1882లో ఏర్పడింది. అంతకుముందు మడకశిర బళ్ళారి జిల్లాలో ఉండేది, ఆ కరువు బాగా కాల్చిన జిల్లాల్లో బళ్ళారి ఒకటి. ఆ రోజుల్లో విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి మద్రాసు రాజధానిలో ఎముకల గూళ్ళయిన మనుషుల్ని గుంపులుగా కూచోబెట్టి ఫొటోలు తీశాడు. ఆకలి వాళ్ళది, అద్దం పలక దొరది. ఆ బొమ్మలు ఈనాటికీ పుస్తకాల్లో తిరుగుతున్నాయి. అందులోని మనుషులెవరో ఎవరికీ తెలీదు.

స్టూడియో మెట్లు

స్వాతంత్ర్యం తర్వాత కెమెరా చవకైందన్నారు. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్–త్రీ, ఆ తర్వాత 1980ల్లో హాట్ షాట్ మధ్యతరగతి ఇళ్ళకి చేరాయి. కానీ కెమెరా కొనడంతో ఖర్చు తీరేది కాదు. ఆగ్ఫాలో ఒక రీలుకి 12 బొమ్మలు, 35 ఎంఎం రీలయితే 36. రీలు కొనాలి, కడిగించాలి, ప్రింటుకింత అని కట్టాలి. శెనక్కాయ పంట ఎండిపోయి బెంగుళూరు కూలికి బస్సెక్కే మెట్ట ప్రాంతంలో, ప్రతి నొక్కుకీ డబ్బు రాలే వస్తువు ఎవరి ఇంట్లో నిలుస్తుంది? వాడకి ఫొటో అంటే పెళ్ళి ఫొటో, కార్డుకి అడిగే పాస్‌పోర్ట్ సైజు ఫొటో, గోడ మీద అంబేడ్కర్ ఫొటో.

ఇంకో చిక్కుంది. రీలు కడిగేది స్టూడియో. నెగెటివ్ ముందు చూసేది స్టూడియో. రెండు గ్లాసుల హోటలూ, ఆక్రమించిన శ్మశానమూ, ఎండిన వాడ బోరూ రీల్లో ఉంటే, ఆ సంగతి ప్రింటు చేతికి రాకముందే ఊరికి తెలిసిపోయే ప్రమాదం ఉండేది.

అయినా ఫిల్ము కాలంలోనే దారి చూపినవాళ్ళున్నారు. మడకశిరకి ఆగ్నేయాన, కన్నడ సీమలోని కోలారు బంగారు గనుల కాలనీలో ఆంధ్ర నుంచి వలసపోయిన తోటి కుటుంబంలో బెజవాడ విల్సన్ పుట్టారు. అధికారులకి ఆయన రాసిన ఉత్తరాలకి జవాబు రాలేదు. 1993లో పాకీపనిని నిషేధిస్తూ చట్టం వచ్చింది, పని మాత్రం ఆగలేదు. అప్పుడాయన పొడి దొడ్లనీ, వాటిని ఎత్తిపోసే మనుషులనీ ఫొటోలు తీసి బయటికి పంపారు. ఉత్తరాన్ని చెత్తబుట్టలో వెయ్యగలిగిన యాజమాన్యం ఫొటోని వెయ్యలేకపోయింది. దొడ్లు మార్చాల్సి వచ్చింది. ఆయన 1994లో సఫాయి కర్మచారి ఆందోళన్ స్థాపనలో పాలుపంచుకున్నారు. దాన్నుంచి నడిచిన కేసులో 2014 మార్చిలో సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు కాలవల్లో చనిపోయినవారి కుటుంబాలకి 10 లక్షల రూపాయల చొప్పున పరిహారం ఇమ్మన్నది.

తెలంగాణలో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలు వీడియో కెమెరా పట్టారు. వాళ్ళ కమ్యూనిటీ మీడియా ట్రస్టు 2001లో ఏర్పడింది. చదువు రాని ఆడవాళ్ళు కెమెరా కోణాలకి సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్. కళ్ళకి సమానంగా చూస్తే సంఘం షాట్. హూపర్ నుంచి థర్స్టన్ దాకా జరిగింది ఏమిటో ఈ రెండు మాటల్లో ఉంది.

చిన్న కెమెరా తెచ్చిన మార్పు

2000ల రెండో సగంలో కానన్, నికాన్, కొడాక్, సోనీ కంపెనీల చిన్న డిజిటల్ కెమెరాలు చవకయ్యాయి. నికాన్ కూల్‌పిక్స్ ఎల్ రకాల్లో చాలావాటికి, కానన్ పవర్‌షాట్ ఎ రకాల్లో చాలావాటికి రెండు పెన్సిల్ సెల్లులు చాలు. అవి కిరాణా కొట్లో దొరుకుతాయి. రీలు ఖర్చు పోయింది. కడిగేవాడు పోయాడు. జేబులో పట్టే వస్తువు కాబట్టి మెళ్ళో వేలాడేసుకుని అందరికీ చూపించే పని లేదు.

అన్నిటికంటే పెద్ద మార్పు వెనకనున్న చిన్న తెర. ఫొటో దిగిన మనిషి అక్కడికక్కడే తన బొమ్మ చూసుకోవచ్చు. 'ఇది వద్దు, తీసెయ్' అనొచ్చు. నూటయాభై ఏళ్ళుగా ఫొటో దిగినవాళ్ళకి లేని హక్కు ఇది.

అయితే యంత్రానికి కులం లేదని మురిసిపోనక్కర్లేదు. కొడాక్ కంపెనీ ఫిల్ము రంగులని సరిచూసుకోడానికి ఏళ్ళ తరబడి వాడింది తెల్ల స్త్రీ బొమ్మనే. డిజిటల్ కెమెరా కూడా ముందున్నదాన్ని నడిమి బూడిదరంగుగా లెక్కగట్టుకుంటుంది. మన మెట్టలో ఆకాశం మండిపోతుంటుంది. దాని ముందు నల్లని ముఖం నిలబడితే ముఖం మసకైపోయి ఆకాశమే కనబడుతుంది. పట్టపగలైనా ఫ్లాష్ వెయ్యాలి, మనిషికి మూడు నాలుగు అడుగుల దగ్గరికి పోవాలి. ముఖం కనబడటం ఇక్కడ అందం సంగతి కాదు. గుర్తుపట్టడం సంగతి.

సాక్ష్యం, సొంతదారు

1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు నిందితులందర్నీ వదిలేసింది. చూసినవాళ్ళ మాటల్లో తేడాలున్నాయన్నది. దళితుడి నోటిమాట కోర్టులో ఎంత తేలిగ్గా తూగుతుందో చుండూరు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఫొటో కావాలి. ఒక్క ఫొటో ఉంటే చాలదు కూడా.

సుప్రీంకోర్టు 2014లో, డిజిటల్ కాపీకి సర్టిఫికెట్ లేకపోతే చెల్లదన్నది. 2020 జూలైలో ఇంకో మాట చేర్చింది: పరికరం సొంతదారు బోనెక్కి ఇది నాది, నేను వాడినదే అని రుజువు చేస్తే, అసలు పరికరమే సాక్ష్యం, విడిగా సర్టిఫికెట్ అక్కర్లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో కాపీల సంగతి 63వ సెక్షన్ చెప్తుంది. మేం మొదట అడిగిన ప్రశ్న ఇక్కడ చట్టం ప్రశ్నే అవుతోంది. కెమెరా ఎవరిది? మనదైతే, మనమే సాక్షులం.

మళ్ళీ వాళ్ళ చేతికి

ఇప్పుడు ఫోన్ వచ్చింది, చిన్న కెమెరా అంగళ్ళ నుంచి దాదాపు పోయింది. ఫోన్ మన చేతిలోనే ఉన్నా, ఫొటో ఎవరికోసం దిగుతున్నామన్నది వేరే సంగతి. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆ పథకంలో 2022 మే నుంచి 20 మందీ అంతకు మించీ ఉన్న పనుల దగ్గర, 2023 జనవరి నుంచి సొంత పొలం పనులవంటివి తప్ప మిగతా అన్నిచోట్లా, కూలీల ఫొటోలు రోజుకి రెండుసార్లు యాప్‌లో ఎక్కించాలన్నారు. సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే హాజరు పోయే ప్రమాదం, హాజరు పోతే కూలి పోతుంది. వరుసగా నిలబెట్టి బొమ్మ తీసే పద్ధతి మళ్ళీ వచ్చింది. కాకపోతే ఈసారి తలలు కొలవడం లేదు, లెక్కపెడుతున్నారు.

అందుకని కార్యకర్తలకీ విద్యార్థులకీ మేం చెప్పేది ఒకటే. మడకశిర, రొళ్ళ, గుడిబండ, అగళి, అమరాపురం వాడల్లో బీరువాల్లో, సజ్జల మీద పడివున్న పాత కెమెరాలని వెదకండి. మెమరీ కార్డులు ఏళ్ళ తరబడి వాడకుండా ఉంటే చెరిగిపోవచ్చు. వెంటనే రెండుచోట్ల కాపీ చెయ్యండి, అసలు కార్డుని చెరపకుండా దాచండి. ఫొటో మీది తేదీని గుడ్డిగా నమ్మొద్దు. సెల్లులు తీసి కొన్నాళ్ళు పక్కన పెడితే కెమెరా గడియారం మొదటికి పోతుంది. అందులో ఉన్న పెద్దవాళ్ళని అడిగి ఏ ఏడు, ఏ చోటు, ఎవరెవరు అని నోటుబుక్కులో రాయండి. వాళ్ళు వద్దన్న బొమ్మని బయట పెట్టకండి. వాళ్ళు సరేనన్న ప్రతి బొమ్మ కిందా పేరు రాయండి. థర్స్టన్ రాయని పేర్లు మనకిక దొరకవు. ఈ పేర్లు చెప్పేవాళ్ళు ఇంకా వాడలో ఉన్నారు.